రాసి చూడమన్న కాగితం

శనివారం

రీల్స్ చేసే అమ్మాయిని మా అబ్బాయి కార్తీక్ ఇవాళ మా ఆబిడ్స్ పెన్నుల షాపుకు తీసుకొచ్చాడు. ఫోన్ ముందు ఆమె, "చిన్నప్పటి సంది నేను గీడనే పెన్నులు కొంట" అంది. మా గడప తొక్కిందే ఇవాళ! నాకు ఒళ్లు మండింది. నాయిన ఉంటే షట్టర్ దించేసేవాడు.

అయినా అలవాటు ఊరుకోదు. నాయిన రాయించకుండా ఎవరికీ పెన్ను అమ్మలేదు. చేయి ఎటు వాలుతుందో చూసి, దానికి తగ్గ పాళీ బిగించేవాడు. నేనూ కాగితం ముందుకు జరిపి, "జర రాసి చూడు బిడ్డా" అన్నాను.

"ఏం రాయాలె అంకుల్?"

ఇన్నేళ్లలో ఎవరూ అలా అడగలేదు. అందరూ తమ పేరే రాసేవారు. చివరికి ఆమె కూడా పేరే రాసి, దాన్నే చూస్తూ ఉండిపోయింది. "నా రాత గిట్లుంటదని మర్చేపోయిన" అంటూ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

సాయంత్రం రీల్ చూశాను. అందులో ఆ అబద్ధం ఉంది, ఆ కాగితం లేదు. "మస్తు మంది చూస్తున్నరు డాడీ" అని కార్తీక్ ఒకటే సంబరం. రేపు సెలవు, సోమవారం షాపు తెరవగానే వాళ్లంతా వస్తే? చేతిని చూసి పాళీ ఎంచే ఆ కన్ను నాకు రానేలేదు...

ఆమె రాసి చూసిన పెన్నుతోనే ఇది రాస్తున్నాను. పట్టుకోగానే నా చేయి ముందుగా ఒక పేరు రాసింది. నాది కాదు, నాయినది.