మందు గెలవలేదు, మొక్కు మిగిలింది

బిడ్డా నవ్యా,

నీ పరిశోధన పోయిందని, చదువు మానేస్తానని ఏడ్చావట. కొవ్వు కరగాలని హార్మోన్ ముక్క సూది వేసిన ఎలుకలూ, ఉత్త ఉప్పునీళ్ల సూది వేసిన ఎలుకలూ చివరికి ఒకే లావున తేలాయట. ఇందులో నా బాధ కూడా ఒకటుంది, విను.

నీ మందు గెలిస్తే మేడారంలో నిలువెత్తు బంగారం, అంటే నా బరువంత బెల్లం, ఇస్తానని మొక్కాను. మొక్కాక ఒక ఆలోచన వచ్చింది: ముందు ఆ సూదే వేయించుకుని, సన్నబడి, తర్వాత తక్కెడ ఎక్కితే? జీవితమంతా కిరాణా కొట్లో తూకం తప్పనివాణ్ణి, మేడారం తల్లుల దగ్గర తప్పబోయాను. మీ నాయనమ్మ పసిగట్టింది.

"గా బెల్లం బుక్కుడు బంద్ చేస్తె ఏ సూదీ అక్కర్లే!" అంది.

అప్పటికే నోట్లో ఉన్న బెల్లం ముక్కను గబుక్కున మింగేశాను.

నువ్వు మాత్రం, మీ సారు మొహం మాడ్చుకున్నా, ఎలుకల తూకం ఉన్నదున్నట్టే రాశావు. కిరాణా కొట్టు మనవరాలివి అనిపించుకున్నావు. ఆ చదువు మానకు. మందు గెలవకపోయినా నేను మొక్కు చెల్లిస్తాను, పూర్తి బరువుతో. జాతరకు రా. తక్కెడలో నన్ను చూసి ఎవరైనా నవ్వితే, మా తాత మందు తగలని ఉప్పునీళ్ల ఎలుక అని చెప్పు.

మీ తాత