మామయ్యా, సీళ్లు వచ్చాయి

మామయ్యా,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్లొస్తాను. నూనె ఒత్తిడితో నడిచే ఆ ట్రాక్టరు హైడ్రోస్టాటిక్ గేరుబాక్సుకి, నూనె కారకుండా వేయడానికి మీరడిగిన కొత్త సీళ్లు పోస్టులో వచ్చాయి, బల్ల మీద పెట్టాను. నూనె డబ్బా మెట్ల కింద ఉంది. వెనక చక్రాలు మీరొక్కరే జాకీ మీదికి ఎత్తకండి, నడుం పట్టేస్తుంది. నేనొచ్చాక ఇద్దరం ఎత్తుదాం. మాంసం కూరి కాల్చిన పాస్టీ ఓవెన్‌లో ఉంది, వేడి చేసుకుని తినండి.

నిన్న భోజనానికి పిలుద్దామని షెడ్డు దాకా వచ్చాను. "కాస్త ఓపిక పట్టవే, నూనెలో చేరిన గాలంతా పోతే నువ్వే కదులుతావు. నిన్ను మళ్లీ నడపాలని మా రైనో ఎంత ఆశపడ్డాడో నీకేం తెలుసు" అని ట్రాక్టరుతో చెబుతున్నారు. తలుపు బయటే నిలబడి అంతా విన్నాను.

రైనో పోయి ఏడు నెలలైంది. ఇంట్లో ఉన్నది మనిద్దరమే. నాతో మాత్రం "ఊఁ", "సరే" తప్ప మీకు ఇంకో మాట రాదు. మీకు కొడుకైతే నాకు మొగుడు కదా మామయ్యా. సాయంత్రం ఏదో ఒకటి మాట్లాడండి. నూనె సంగతైనా సరే.

ఐలా

మరిచాను. రైనో ఆ ట్రాక్టరుకి ఓ పేరు పెట్టుకున్నాడు, మీకు తెలీదనుకుంటా. అడిగితే చెప్తాను.