బండల కింద జిప్

థోర్న్‌బెక్ లోయ,
ఏప్రిల్ 19, 1956.

వైట్‌హేవెన్‌లో ఉన్న ఎడిత్ వదినకు,

ఆగ్నెస్ నమస్కారాలు. ఇక్కడ మేమూ, గొర్రెలూ, కుక్కలూ కులాసా. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ కులాసా అని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. మీ తమ్ముడికి చెవులు పోతున్నాయని నేను రాసినప్పటి నుంచీ నీకు బెంగ పట్టుకున్నట్టుంది. నలుగురిలో నవ్వులపాలు కాకముందే కుక్కల్ని ఎవరికైనా ఇచ్చేసి, పొయ్యి దగ్గర కూర్చోమని ఆయనకు చెప్పమన్నావు. చెబుదామనే అనుకున్నాను. ఈలోగా ఆయన చిన్న కుక్క జిప్ బండల కింద చిక్కుకుంది. అదంతా చదివాక చెప్పాలో వద్దో నువ్వే అను.

సోమవారం పొద్దున్నే పక్క పొలం జోస్ బర్కెట్ మా గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడే ఈనిన గొర్రెల దగ్గర్నుంచి పిల్లల్ని నక్క ఎత్తుకుపోతోందట. "బాబాయ్, నీ టెర్రియర్ కుక్కల్ని తీసుకుని రా. ఇట్టాగే పోతే నా మందలో తల్లులే మిగుల్తాయి," అన్నాడు. మీ తమ్ముడికి ఏం వినబడిందో ఏమో, నక్క అన్న మాట మాత్రం జోస్ పెదాల మీద పట్టేశాడు. బూట్లు తొడుక్కుని జిప్‌ని విప్పాడు, దాంతోపాటు మెగ్‌ని కూడా విప్పాడు. పళ్ళూడిన ముసలిది, అదెందుకయ్యా అని అరిచి అడిగితే, తన కూతురు జిప్‌కి తోడుగా ఉంటుందిలే అన్నాడు. నేనూ టీ క్యాను, అల్లం రొట్టె పట్టుకుని వెంట పడ్డాను. రొట్టె ఒక వంక మాత్రమే వదినా. ఆయన చెవుల సంగతి జనం ముందు బయటపడుతుందేమోనని నాకు లోపల్లోపల దడగా ఉంది.

నక్క అడుగులు ఎక్కడికి పోయాయో నువ్వు ఊహించే ఉంటావు. కొండ కింద కూలిపడ్డ ఆ బండల గుట్టలోకే. మీ చిన్నప్పుడు మీ నాన్న మిమ్మల్ని ఎక్కనిచ్చేవాడు కాదట కదా, అదే. జిప్ సందులోంచి దూరింది. కాసేపటికి లోపలినుంచి మొరుగుడు వినిపించింది. నక్క దొరికింది, ఇక బయటికి తరిమేస్తుంది అని అందరం కర్రలు పట్టుకుని నిలబడ్డాం. అంతలో గుట్ట లోపల ఏదో బండ జరిగిన చప్పుడైంది. మొరుగుడు ఆగిపోయింది.

నక్క మాత్రం అవతలి పక్కనుంచి తాపీగా బయటపడి, ఎదుటి వాలు ఎక్కి, ఒకసారి మావంక చూసి వెళ్ళిపోయింది. జోస్ తిట్టిన తిట్లు ఉత్తరంలో రాసేవి కావు.

జిప్ రాలేదు. పైన పలకరాయి గనికి కబురు పంపితే, పనివాళ్ళు పని ఆపేసి గునపాలూ, గొలుసులూ మోసుకుని దిగివచ్చారు. కుక్క లోపల ఉండగా మన లోయలో ఎవరూ ఇంటిముఖం పట్టరు. కానీ ఏ బండ కదపాలి? ఒక్కటి తప్పు కదిపినా పైవన్నీ దాని మీదికి దిగిపోతాయి. అందరూ మీ తమ్ముడివైపు చూశారు. ఇన్నేళ్ళుగా బండకి చెవి ఆనించి, కుక్క ఇదిగో ఇక్కడుంది అని చెప్పింది ఆయనేగా. గని మేస్త్రీ ఐజాక్, "నోళ్ళు ముయ్యండ్రా, విల్ఫ్ వింటాడు," అన్నాడు. దగ్గొచ్చినవాడు కూడా టోపీలో ముఖం దాచుకున్నాడు.

ఆయన తడి రాళ్ళ మీద బోర్లా పడుకున్నాడు. నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాను. చలికి పట్టుకుందిలే అనుకుంటారని. నా ఎత్తు ఏమిటంటే, నాకు జిప్ మూలుగు వినబడగానే భుజం నొక్కుతాను, ఆయన సంగతి గ్రహిస్తాడు.

మొదటి చోటే సన్నగా ఏదో వినబడింది. నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకో చోటికి పాకాడు. అక్కడా అదే మూలుగు, ఈసారి గిచ్చాను కూడా. తల విదిల్చి ముందుకు పోయాడు. ఈ మనిషికి చెవులతోపాటు చర్మం కూడా మొద్దుబారిందా అని ఏడుపొచ్చింది. అవతల కుక్క చచ్చిపోతోంది, ఈయనేమో బల్లిలా పాకుతున్నాడు. మెగ్ ఒకటి, రాళ్ళ మీద మా ముందే తిరుగుతూ కాళ్ళకు అడ్డం.

చివరికి పాచి పట్టిన ఒక పెద్ద బండ దగ్గర మూలుగు స్పష్టంగా వినబడింది. ఉన్న బలమంతా పెట్టి నొక్కాను. ఆయన చెయ్యి పైకెత్తి, "ఇక్కడే," అన్నాడు.

కలప దుంగలు ఊతం పెట్టి, గొలుసులు వేసి, ఆ బండని జానెడు జానెడుగా లేపారు. ఐజాక్ సందులోకి భుజం దాకా చెయ్యి పెట్టి, జిప్‌ని మెడ పట్టుకుని లాగాడు. మూతి చీరుకుపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. అయినా కింద పెట్టగానే నక్కేది అన్నట్టు నాలుగు వైపులా చూసింది. మీ తమ్ముడు దాన్ని కోటులో చుట్టుకుని, అందరి ముందూ ఏడ్చేశాడు వదినా. నేనూ ఏడ్చాను.

జోస్ ఆయన వీపు చరిచి, "బాబాయ్, నీవి ఇంకా కుర్ర చెవులే," అన్నాడు. మీ తమ్ముడు వినబడనట్టు నవ్వి ఊరుకున్నాడు. పాపం, నిజంగానే వినబడలేదు.

అందుకని కుక్కల్ని ఇచ్చెయ్యమని ఆయనకు రాయకు. నేను సాయం చేశానని ఆయనకు తెలియదు. తనే విన్నాననుకుంటున్నాడు, అనుకోనీ. నాకు చెవులున్నంతకాలం ఆయనకూ ఉన్నట్టే. ఇంకోసారి అవసరమొస్తే ఇంకోసారి వెళతాను.

జిప్ పొయ్యి దగ్గర పాలూ రొట్టె తింటోంది. మీ తమ్ముడు పోస్టాఫీసు వైపు వెళ్తున్నాడు, ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. మోకాళ్ళకు ఉన్ని గుడ్డ కట్టుకోవడం మానకు.

ఇట్లు,
నీ మరదలు
ఆగ్నెస్

తా.క. అక్కా, నేను విల్ఫ్‌ని. కవరు సరిగ్గా అంటలేదు. దారిలో చదివేశాను.

నాకేమీ వినబడలేదన్నది నిజమే. కానీ ఆగ్నెస్ మొదట నొక్కిన చోట్ల, బండల కింద ఊటనీరు పారుతుంది. ఆ చప్పుడు అచ్చం కుక్క మూలిగినట్టే ఉంటుంది, కొత్తవాళ్ళంతా దానికే మోసపోతారు. అక్కడ కదిపి ఉంటే గుట్టంతా జిప్ మీద కూలేది. నేను చెవి బండకి ఆనించినా, చూపు మెగ్ మీదే పెట్టాను. రెండేళ్ళుగా నా పని ఇలాగే జరుగుతోంది. పాచి బండ దగ్గర అది చెవులు రిక్కించి వణికింది. నేను చెయ్యి ఎత్తబోతుంటే ఆగ్నెస్ నొక్కింది.

ఈ సంగతి ఆమెకు రాయకు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నలుగురిలో ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది మొన్ననే. తెలిస్తే మళ్ళీ వెయ్యదు.