పథ్యం కేరియర్

అవును యూసుఫన్నయ్యా, ఇప్పుడు ఆసుపత్రిలో మీవాళ్లని వెంటనే చేర్చుకుంటున్నారు. పరాయి దేశపు విద్యార్థులందరికీ కాలేజీవాళ్లే ఇన్సూరెన్సు కట్టారు. కిందటేడు నువ్వు సూడాన్ నుంచి తెచ్చుకున్న ఇన్సూరెన్సు కాగితాన్ని కాకినాడలో ఎవరూ ఒప్పుకోలేదు. మంచం దొరికేసరికే ఆలస్యమైపోయింది.

మా మేడ మీద నీ గదిలో మీ ఊరి హసన్ ఉంటున్నాడు. అతనికీ నీలాగే టైఫాయిడ్. కార్డు చూపించగానే మంచం ఇచ్చారు. ఈవేళ జ్వరం దిగింది.

“పథ్యం ఎవరు తెస్తారమ్మా?” అంది నర్సు.

“నేనేనండి. ఆళ్లమ్మ ఇక్కడ లేదు కదండీ,” అంది అమ్మ.

నీ పథ్యం కోసం కొన్న కేరియర్ నువ్వు పోయాక అటకెక్కింది. అమ్మ దాన్ని దింపి, బీరకాయ కూర, మిరియాల చారన్నం సర్దింది. హసన్ ఒక్క ముద్ద తిని గోడవైపు తిరిగిపోయాడు. అతనికి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు.

“ఆళ్ల ఊళ్లో ఏం పెడతారో యూసుఫ్‌నైనా అడిగుండాల్సిందిరా,” అంది అమ్మ, మిగిలిన అన్నం చూస్తూ.

ఆసుపత్రికి తిరిగి తిరిగి ఇద్దరం అలిసిపోయాం. పొద్దున్నే మళ్లీ కేరియర్ పట్టుకెళ్లాలి. జ్వరం తగ్గినవాళ్లకి మీ ఇళ్లలో మొదటి ముద్ద ఏం పెడతారన్నయ్యా?