గుట్ట మీది దేవుని పేరు

మంగళవారం, నల్లగొండ నర్సింగ్ హాస్టల్

మాత్ర ఇచ్చే ముందు పేరు రోగి నోటితోనే చెప్పించాలి, మంచం నంబరు నమ్మకూడదు. రేపటి పరీక్షకు ఈ పాఠం మూడుసార్లు చదివాను.

ఈ పొద్దున వార్డులో యాదగిరికి షుగరు మాత్ర, నర్సింహకు బీపీ మాత్ర ఇవ్వాలి. తాతలిద్దరూ ఫ్యాను గాలి కోసం మంచాలు మార్చుకున్నారట. ఒక తాతను పేరడిగితే చెవులు వినపడక నవ్వుతూ తలూపాడు, రెండో తాత గాఢనిద్రలో ఉన్నాడు. మొదటి తాత భార్యను అడిగాను.

"మొగుని పేరు నా నోటితోని ఎట్ల జెప్పాలె బిడ్డా? గుట్ట మీది దేవుని పేరే."

యాదగిరిగుట్ట దేవుణ్ణి యాదగిరి అన్నా, నర్సింహ అన్నా ఒకటే. ఒక్క దేవుడికి అన్ని పేర్లెందుకో. గుమ్మంలో సిస్టరు చూస్తూనే ఉంది.

అంతలో రెండో తాత భార్య లేచింది. "నీ మొగుని పేరు నేను జెప్త, నా మొగుని పేరు నువ్వు జెప్పు."

ఒకరి మొగుడి పేరు ఒకరు హాయిగా చెప్పేశారు. కేసు షీటులో వయసులూ సరిపోయాయి.

ఇప్పుడొకటే భయం. ఎప్పుడైనా బాపు దవాఖానలో పడితే, నర్సు మా అమ్మను పేరడిగితే?

ఫోన్ చేసి, "బాపు పేరేందమ్మా?" అన్నాను.

"నీ ఆధార్ కార్డుల ఉన్నది, సూస్కో," అని పెట్టేసింది.