ఇనుపోడు, ఎగిరేటోడు, మధ్యన నేను

అక్కా,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కవరు కొని గూట్లో పెట్టి, అది కనబడినప్పుడల్లా వేరే దిక్కు చూస్తూ వచ్చాను. కానీ ఆలేరులో జరిగిన సంగతిని ఎవరో ఒకరు మన పాలమూరు దిక్కు గొర్రెల అంగడికి మోసుకొస్తారు. తలా తోకా మార్చి చెబుతారు, నువ్వు నమ్ముతావు. దానికంటే నేను రాయడమే నయం.

నీ తమ్ముడు బీరయ్య నీ కాళ్లకు మొక్కి అడుగుతున్నాడు, మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? ఆముదం రాస్తున్నావా, రాస్తున్నానని చెబుతున్నావా? ఇక్కడ నేను బాగున్నాను. బిడ్డ లచ్చవ్వ బాగుంది. మనవరాలికి పళ్లు వస్తున్నాయి, కనబడిన ప్రతిదాన్నీ కొరుకుతున్నది. అల్లుడు ఎల్లయ్య కూడా బాగున్నాడు, అతని సంగతి కిందికి వస్తుంది. ఇది నీకు చదివి వినిపించే పంతులుకు దండాలు. పంతులూ, బండల మీద బొగ్గుతో రాసి నేర్చుకున్న అక్షరాలు నావి. పొట్టేలు కొమ్ముల్లాగ మెలి తిరిగి ఉంటాయి, సర్దుకుని చదువు.

గొర్రెలు అమ్మేసి బిడ్డ దగ్గరికి వచ్చాక, అల్లుని ఇంట్లో ఎన్నాళ్లు తింటావని నువ్వు పోయిన ఉత్తరంలో అడిగించావు. ఆ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నేనూ రోజూ నన్ను అదే అడుగుతున్నాను. లచ్చవ్వ ఏమీ అనదు. అల్లుడు రైలు పట్టాల మీద పని చేసే మనిషి, పొద్దంతా ఎండలో సుత్తి కొట్టి వస్తాడు. అతను కూర్చోకముందే నా ముందు కంచం పెడితే నా చెయ్యి అన్నం మీదికి పోయేది కాదు. అందుకని పని వెతుక్కున్నాను. టేషను దగ్గర డేరా వేసి సినిమాలు ఆడిస్తున్నారు. ఆ డేరా సేటు నన్ను గేటు దగ్గర నిలబెట్టాడు. టికెట్టు తీసుకుని సగం చింపి సగం ఇవ్వడమే పని. వాళ్ల మనుషులకు వండే కుండలోంచే నాకూ పెడతాడు. ఆ రోజు నుంచి అల్లుని ఇంట్లో పడుకునేవాణ్ణి గాని తినేవాణ్ణి కాదు. ఈ రెంటికీ ఎంత తేడా ఉందో నీకు వేరే చెప్పాలా.

ఇక్కడ చలి మన దగ్గరికంటే ఎక్కువ. నా గొంగడి కొసలు ఊడిపోయాయి. నల్ల ఉన్ని ఉంటే కొత్తది నేయించి పంపు. రైలు కూతకు మాత్రం అలవాటు పడ్డాను. డేరాలో ఆట నడుస్తుండగా రైలు వచ్చిందంటే మాటలు వినబడవు. రాజు ఉరిశిక్ష వేశాడో, పెళ్లి ఖాయం చేశాడో, రైలు పోయాక మొహాలు చూసి తెలుసుకోవాలి.

ఇక అసలు సంగతి. పండుగ ముందు ఒక జానపదం సినిమా తెచ్చారు. ఇంతకుముందు వచ్చిన వాటిలో ఒకడు మంచోడు, ఒకడు చెడ్డోడు. లావు మీసాలుంటే చెడ్డోడు, సన్నమీసముంటే మంచోడు. మనం ఈల ఎవరికి వేయాలో తెరమీద మొహం కనబడగానే తెలిసిపోయేది. ఇందులో ఇద్దరికీ సన్నమీసమే. ఒకనికి ముని వరమిచ్చాడు, ఆకాశంలో ఎగురుతాడు. ఇంకొకని ఒంటికి కత్తి తగిలితే కత్తే విరుగుతుంది. ఇద్దరూ ధర్మాత్ములే. మధ్యలో ఒక మాంత్రికుడు చేరి, వీని మీద వానికి, వాని మీద వీనికి చెప్పి కొట్లాట పెడతాడు. మాంత్రికుడు ఎట్లా మంత్రం వేశాడో గాని, ముందు ఆలేరు కొట్టుకున్నది.

రైలు పనివాళ్లంతా కత్తికి తెగనివాని పార్టీ అయ్యారు. వానికి ఇనుపోడని పేరు పెట్టారు. పొద్దున లేస్తే ఇనుముతో పని చేసేవాళ్లు, ఇంకెవరి దిక్కు ఉంటారు? తాటిచెట్లెక్కి కల్లు గీసే గౌండ్లవాళ్లేమో ఎగిరేటోని పార్టీ. వాళ్లకు నర్సయ్య గౌడు పెద్ద, రైలు వాళ్లకు మా ఎల్లయ్య. వారం తిరగకముందే నర్సయ్య కల్లుమండువలో రైలు వాళ్లకు ముంత ఇవ్వడం మానేశాడు. "ఇనుపోల్లకు కల్లెందుకు, నూనె తాగుర్రి" అన్నాడట. అల్లుడు మూడు మైళ్లు నడిచి ఇంకో ఊళ్లో తాగి వచ్చేవాడు. వచ్చేసరికి తాగింది దిగిపోయి కోపం ఒక్కటే మిగిలేది.

అప్పుడు అంగడి రోజు మనవాళ్లు, గొల్లకురుమలు, గొర్రెలు అమ్ముకుని గొంగళ్లతో సహా వచ్చి నేల టికెట్టులో కూర్చున్నారు. తెరమీద కొట్లాట మొదలైంది. ఇద్దరూ ఎదురెదురుగా వెనక్కి జరిగి ఉరికి వచ్చి ఢీకొన్నారు. పంతులుకు తెలియదు గనుక రాస్తున్నాను, పొట్టేళ్ల పందెంలో వెనక్కి జరిగితే ఓడినట్టు కాదు, బలం కూడదీసుకున్నట్టు. తోక చూపి తిరిగిందా, ఇక అంతే, ఓడినట్టే. కొట్లాట మంచి ఊపులో ఉండగా ఎగిరేటోని తల్లి వెనక నుంచి "నాయనా" అని పిలుస్తుంది, వాడు వెనక్కి తిరుగుతాడు. మనవాళ్లు ఒక్కసారిగా లేచారు.

"తిరిగె, తిరిగె. ఇగ అయిపాయె, పాండ్రి" అని గొంగళ్లు దులుపుకుని గేటు దిక్కు నడిచారు.

నేను అడ్డం నిలబడి, "ఓ అన్నలూ, ఇంకా ఆట ఉన్నది" అన్నాను.

"ఏమున్నది బీరయ్యా? తిరిగినంక పందెముంటదా? నీకు మేం చెప్పాల్నా?" అన్నాడొకడు.

వాళ్లు పోయారు. రైలు వాళ్లు "ఇనుపోడు గెలిచిండు, గొల్లోల్లే చెప్పిన్రు" అని తువ్వాళ్లు ఎగరేశారు. గౌండ్లవాళ్లు బెంచీలు ఎగరేశారు. డేరా గుంజ ఒకటి వంగింది. మర్నాడు పోలీసు అమీను సాబు వచ్చి సేటుతో, ఇంకోసారి ఇట్లాంటిది చూస్తే డేరా విప్పించి రైలెక్కిస్తానన్నాడు.

సేటు నన్ను పిలిచాడు. "నీ కులపోల్లు వెట్టిన లొల్లి బీరయ్యా. నువ్వే తెంపు. డేరా లేస్తే నాకు ఇంకో ఊరున్నది. నీకేమున్నది?"

అక్కా, ఆ మాటతో నా కళ్లముందు లచ్చవ్వ పెట్టే కంచం కనబడ్డది.

ఆ సాయంత్రం ఆటకు రెండు పార్టీలూ కర్రలతో వచ్చాయి. కర్రలు గేటు దగ్గర పెట్టించాను, మొహాలు పెట్టించలేకపోయాను. ఇక్కడ మిషను ఒక్కటే, ఒక రీలు అయిపోయి ఇంకొకటి ఎక్కించేలోపు దీపాలు వెలుగుతాయి. కొట్లాట రీలు ఎక్కించేముందు నేను పోయి తెర ముందు నిలబడ్డాను. ఊళ్లో ఎన్నో పొట్టేళ్ల పందేలకు తీర్పు చెప్పినవాణ్ణి గదా, గొంతు అట్లాగే లేచింది.

"ఇనుర్రి. పొట్టేలు భయపడి తిరిగితే ఓటమి. దాని యజమాని పిలిస్తే తిరిగిందనుకోర్రి, గది ఓటమి గాదు. మా దిక్కు రివాజు గిది. ఎగిరేటోన్ని కన్నతల్లి పిలిచింది, తిరిగిండు. గందుకు ఓడలే."

గౌండ్లవాళ్లు ఈలలు వేశారు. నా మాట ఇంకా సగమే అయింది, కానీ ఎల్లయ్య లేచి నిలబడ్డాడు.

"మామా, పొద్దుగాల లేస్తే ఎవరింట్లకెళ్లి బయటికొస్తున్నవో జర యాదిచేసుకో."

అంతమందిలో అన్నాడక్కా. రైలు కూత వేసినా బాగుండు అనుకున్నాను, ఏ రైలూ రాలేదు.

అప్పుడు ఆడవాళ్లకు అడ్డం కట్టిన తడక అవతల నుంచి లచ్చవ్వ గొంతు వచ్చింది. "మా నాయిన నా ఇంట్లకెళ్లే వస్తున్నడు. నువ్వు గూడ గా ఇంట్లకెళ్లే వస్తున్నవ్. గది అలికేది నేను, పొయ్యి ముట్టిచ్చేది నేను. కూసో."

ఆడవాళ్ల దిక్కు ఎవరో పకపకా నవ్వారు. నర్సయ్య గౌడు లేచి, "ఓ ఎల్లయ్యా, పిల్లనిచ్చిన మనిషిని గట్లంటరా? మా పార్టోడైతే ముంత బంద్ పెడుదును" అన్నాడు. రైలు వాళ్ల మేస్త్రి వెనక నుంచి అల్లుని చొక్కా గుంజాడు. "కూసోరా ఎల్లిగా, ఇనుపోని ఇజ్జత్ తీస్తున్నవ్."

రెండు పార్టీలూ ఒక్కమాట మీదికి రావడం ఆలేరు అప్పుడే చూసింది. వచ్చింది మా అల్లుణ్ణి తిట్టడానికి. అతను కూర్చున్నాడు, తల పైకెత్తలేదు.

నేను మిగతా సగం చెప్పాను. "పిలిస్తే తిరిగినోడు ఓడలే, నిలబడ్డోడు గెలువలే. గసువంటప్పుడు రెండింటి చెవులు పట్టి ఇడిపిచ్చి, రెండింటి కొమ్ములకు పసుపు రాస్తరు. గంతే."

రీలు తిరిగింది. తల్లి పిలిచింది, వాడు తిరిగాడు, ఎవరూ లేవలేదు. కొట్లాటలు లేకుండా చివరిదాకా చూడడం అదే మొదటిసారి. చివర ఏమవుతుందంటే, ఇద్దరికీ మాంత్రికుని సంగతి తెలిసి, వాణ్ణి చంపి, ఒకరినొకరు కావలించుకుంటారు. దీపాలు వెలిగాక నర్సయ్య కాసేపు తెర దిక్కే చూసి, "గింతేనా?" అన్నాడు. రైలు మేస్త్రి కూడా అదే అడిగాడు. ఇద్దరూ మాట్లాడుకుంటూ కల్లుమండువ దిక్కు పోయారు.

డేరా నిలబడ్డది, నా పనీ నిలబడ్డది. నేను మాత్రం గొంగడి చుట్టుకుని డేరాలోనే పడుకుంటున్నాను. లచ్చవ్వ వచ్చి పిలిచింది, చలి తక్కువగా ఉందని అబద్ధం చెప్పాను. అల్లుడు రాలేదు. నువ్వు దీని గురించి బెంగ పెట్టుకోకు. పెద్దబావకు నా దండాలు, నీ దగ్గర వదిలి వచ్చిన ముసలి పొట్టేలుకు కొమ్ముల మీద ఒక నిమురు. అక్కవు గనుక నెత్తిన చెయ్యి పెట్టి మంచిగుండు తమ్ముడా అనుకో, ఇక్కడిదాకా వస్తుంది. నీ చేతుల్లో పెరిగిన బీరయ్య చేవ్రాలు.

కవరు ఇంకా అంటించలేదు గనుక ఇది కూడా రాస్తున్నాను. ఇవాళ సాయంత్రం ఆటకు ఎల్లయ్య వచ్చాడు. బెంచి టికెట్టు నా చేతికిచ్చాడు. సగం చింపి సగం ఇచ్చాను. లోపలికి పోతూ గేటు పక్కనున్న నా గొంగడి చుట్ట తీసి చంకన పెట్టుకున్నాడు. ఆట విడిచాక దాన్ని అట్లాగే పట్టుకుని ఇంటి దిక్కు నడిచాడు. నేను గేటు కట్టేసి వెనక నడిచాను.