దానయ్య చేతిలో రొట్టె

ఆదివారం రాత్రి, ఎల్లారెడ్డి

ఈరోజు చర్చిలో ప్రభు భోజనపు రొట్టె ఇస్తుంటే వరస చివరన దానయ్య మోకరించాడు. పోయిన నెల కమిటీ గదిలో నా కాలర్ పట్టుకున్న దానయ్య. పాస్టరుగా అతనికి రొట్టె ఇవ్వకుండా బల్ల దగ్గరే ఆపే అధికారం నాకుంది. కామారెడ్డి నుంచి వచ్చిన పెద్దలతో సహా చర్చి అంతా నావైపే చూస్తోంది.

నేను ఆపలేదు. రొట్టె ముక్క పట్టుకుని, వెనక వరస దాకా వినబడేలా, "దానయ్యా, నిన్ను క్షమించిన. తీసుకో" అన్నాను. అతను తలెత్తకుండానే చేతులు చాచి తీసుకున్నాడు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. అబద్ధమెందుకు, నాకు చాలా బాగా అనిపించింది.

సాయంత్రం అతని భార్య వచ్చి గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అయ్యగారూ, మా ఆయన మీ కాలర్ పట్టుకున్నది గదిల, నలుగురంటే నలుగురి ముందట. మీరు క్షమించింది చర్చి నిండ జనం ముందట. పొద్దటిసంది ఆ మనిషి మాట్లాడ్తలేడు, తింటలేడు."

ఆమె వెళ్లాక బైబిలు తెరిచాను. చివరి విందులో, తనను శత్రువులకు పట్టించబోయే శిష్యుడికి ప్రభువు రొట్టె అందిస్తే, పక్కన కూర్చున్న మిగతా శిష్యులకు సంగతే అర్థం కాలేదు; అంత గుట్టుగా ఇచ్చాడు. ఆ మాట నేనే ఎన్నిసార్లు ప్రసంగించానో!

రేపు ఒక్కడినే వాళ్లింటికి వెళ్లి క్షమాపణ అడుగుదామనుకున్నాను. కానీ అందరి ముందు పోయిన పరువు, నేను ఇంట్లో గుసగుసగా అడిగితే తిరిగొస్తుందా? వచ్చే ఆదివారం చర్చిలోనే అడగాలి.

అదే భయంగా ఉంది. అప్పుడూ జనం కళ్లు తుడుచుకుంటారు. అప్పుడూ నాకు బాగానే అనిపిస్తుంది…